రాజధాని పోయినా మిగిలేదేమిటి?

కర్నూలు చుట్టుపక్కల ఇల్లో స్థలమో కొనాలని వచ్చేవాళ్ళకు నేను ముందు చెప్పేది ధర కాదు, చరిత్ర. చాలామందికి చిరాకేస్తుంది. గజం ఎంతుందయ్యా అంటే 1953 దగ్గర మొదలుపెడతాడేంటి ఈయన అనుకుంటారు. కానీ రాజధాని అనే మాట ఈ ఊరిని ఊరించినన్ని సార్లు మరో ఊరిని ఊరించలేదు. ఆ సంగతి తెలియకుండా నంద్యాల దారిలోని ఓర్వకల్లు వెంచర్ల బ్రోచర్లు చదివితే ప్రతి అక్షరమూ నిజమే అనిపిస్తుంది.

1937 నవంబరులో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో శ్రీబాగ్ ఒడంబడిక కుదిరింది. ప్రత్యేక రాష్ట్రం వస్తే రాజధాని, హైకోర్టు రెండింట్లో ఒకటి రాయలసీమలో ఉండాలి, ఏది కావాలో సీమవాళ్ళే తేల్చుకోవాలి అన్నది అందులో మాట. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు రాజధాని కర్నూలుకు వచ్చింది, మరుసటి ఏడాది హైకోర్టు గుంటూరుకు వచ్చింది. చాలినన్ని భవనాలు లేక కొన్ని ఆఫీసులు డేరాల్లో నడిచాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాదుకు వెళ్ళిపోయింది. మొత్తం మూడేళ్ళ ఒక నెల కాపురం.

ఆ మాట మళ్ళీ వినిపించింది 2019 డిసెంబరులో. మూడు రాజధానుల్లో కర్నూలు న్యాయ రాజధాని అన్నారు. 2020లో చట్టం వచ్చింది, 2021 నవంబరులో ఆ చట్టాన్ని ప్రభుత్వమే వెనక్కి తీసుకుంది, 2022 మార్చి 3న హైకోర్టు రాజధానిగా అమరావతినే అభివృద్ధి చేయాలని తీర్పు చెప్పింది. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కావాలని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఇలాంటి మాట పుట్టినప్పుడల్లా నంద్యాల రోడ్డు పొడవునా కొత్త రాళ్ళు పాతుతారు.

ఇదంతా చెప్పి మిమ్మల్ని కొనొద్దనడం నా ఉద్దేశం కాదు. 1953లో వచ్చిన రాజధాని పోతూ పోతూ వదిలేసి వెళ్ళినవి కొన్ని ఉన్నాయి. ఉద్యోగుల కోసం కట్టిన ఏ క్యాంపు, బి క్యాంపు, సి క్యాంపు ఈనాటికీ అవే పేర్లతో ఉన్నాయి. ఆటో అతనికి ‘సి క్యాంపు’ అంటే చాలు, ఇంకేం అడగడు. ముఖ్యమంత్రీ మంత్రులూ వెళ్ళారు, ఫైళ్ళు వెళ్ళాయి, క్వార్టర్లూ వీధులూ ఇక్కడే ఉండిపోయాయి. వాటి చుట్టూ ఊరు పెరిగింది. 1957లో కర్నూలుకు మెడికల్ కాలేజీ వచ్చింది. స్వాతంత్ర్య రజతోత్సవాల గుర్తుగా 1972లో పెట్టిన సిల్వర్ జూబిలీ కాలేజీ బి క్యాంపులోనే ఉంది. రాజధాని పోయిన బాధ రాజకీయాల్లో మిగిలింది కానీ, క్యాంపుల పక్కన మిద్దె కట్టుకున్నవాళ్ళు నష్టపోలేదు.

అందుకే ఈ అధ్యాయం మొత్తానికీ ఒకటే ప్రశ్న. మీరు చూస్తున్న వీధికి కారణం అని చెబుతున్న ఆ పెద్ద ప్రకటన రేపు రద్దయిపోతే, అక్కడ మీకు ఏం మిగులుతుంది?

మూడు గళ్ళ కాగితం

ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్ళు గీయండి. మొదటిది ‘ఉన్నది’. రెండోది ‘కడుతున్నది’. మూడోది ‘చెప్పినది’. బ్రోకరు నోటి నుంచి వచ్చే ప్రతి గొప్పనూ ఈ మూడింట్లో ఏదో ఒకదాంట్లో వేయండి. ఓర్వకల్లు మీదే వేసి చూద్దాం.

ఉన్నదాంట్లో మొదట రోడ్డు. కర్నూలు నుంచి నంద్యాల, కడప వెళ్ళే 40వ నంబరు జాతీయ రహదారి ఊరి మీదుగా పోతుంది. ఆ దారిలోనే పసుపుల దగ్గర రాయలసీమ విశ్వవిద్యాలయం, జగన్నాథగట్టు మీద 2015లో మొదలైన ట్రిపుల్ఐటీ డీఎం ఉన్నాయి. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టిన విమానాశ్రయం 2021 మార్చి 25న ప్రారంభమైంది, మూడు రోజులకు బెంగళూరు, చెన్నై, విశాఖ విమానాలు ఎగిరాయి. గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017 నుంచి ఉంది.

కడుతున్నదాంట్లో పారిశ్రామిక వాడ. హైదరాబాదు–బెంగళూరు కారిడార్‌లో భాగంగా 2,621 ఎకరాల ఓర్వకల్లు నోడ్‌కు కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 28న ఒప్పుకుంది. అదే రోజు కడప జిల్లా కొప్పర్తికీ ఒప్పుకుంది. రెండింటికీ 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలు వచ్చి శంకుస్థాపన చేశారు. డ్రోన్ సిటీకి 300 ఎకరాలన్నారు. దాన్ని ఏ గడిలో వేయాలో మీరు వెళ్ళిన రోజున గోడలు లేచాయో లేదో చూసి తేల్చుకోండి.

చెప్పినదాంట్లో హైకోర్టు బెంచి. దాని వెంట వస్తాయంటున్న లాయర్ల కాలనీలు, హోటళ్ళు, మెట్రో నగరాల్లో లాంటి రోడ్లు.

మొదటి గడిలో ఉన్నదానికి పూర్తి ధర ఇవ్వండి. రెండోదానికి గట్టిగా బేరం చేయండి. మూడోదానికి పైసా ఇవ్వకండి. బెంచి వస్తే మంచిదే, దాని లాభం మీకు ఉచితంగా దక్కుతుంది. రాకపోతే మీరు దానికి డబ్బులు కట్టి ఉండరు.

మొదటి గడిలో ఉన్నవన్నీ మీకు పనికొస్తాయనీ అనుకోకండి. సోలార్ పార్కు వేల ఎకరాలు పరుచుకుంటుంది కానీ కట్టడం అయిపోయాక అక్కడ పనిచేసేది కొద్దిమందే. ‘సోలార్ పార్కు పక్కనే’ అంటే మీ ఇంటికి అద్దెకొచ్చేవాళ్ళు పెరుగుతారని కాదు. విమానాశ్రయం సంగతీ అంతే. శంషాబాదు, దేవనహళ్ళి రెండూ 2008లో తెరిచారు, ఆ చుట్టూ భూములు బంగారమయ్యాయి, ఇక్కడా అంతే అంటారు. అక్కడ ధర పెంచింది విమానం కాదు, వెనకాల ఉన్న మహానగరం అటువైపు నడిచి రావడం. కర్నూలు 2011 లెక్కల్లో నాలుగు లక్షల చిల్లర జనమున్న ఊరు. అది ఓర్వకల్లు దాకా నడిచి రావడానికి పాతిక కిలోమీటర్ల దూరం ఉంది, మధ్యలో జగన్నాథగట్టు ఉంది, నన్నూరు టోల్‌గేటు ఉంది. ఇంకో మాట. విమానాశ్రయం చుట్టూ కట్టడాల ఎత్తుకు ఆంక్షలుంటాయి. రేపు మూడంతస్తులు లేపి అద్దెకిద్దామనుకునేవాళ్ళు కొనకముందే ఆ సర్వే నంబరుకు ఎంత ఎత్తు ఒప్పుకుంటారో అడిగి తెలుసుకోవాలి.

నీళ్ళు

సీమలో ఇల్లు కొనేటప్పుడు మిగతావన్నీ ఒక ఎత్తు, నీళ్ళు ఒక ఎత్తు. ఓర్వకల్లులో రాక్ గార్డెన్ చూడటానికి ఆదివారం జనం కార్లేసుకుని వస్తారు. ఫొటోకు అందంగా ఉండే ఆ రాయే మీ స్థలం కింద కూడా ఉంటుంది. బోరు వేసేవాడికి, మరుగుదొడ్డి గుంత తవ్వేవాడికి, సంపు కట్టేవాడికి అది అందంగా కనబడదు. గడ్డపారతో అయ్యే పని బ్రేకరుతో చేయించాల్సి వస్తుంది. ఇంటి ఖర్చు అంచనా వేసేటప్పుడు ఈ తవ్వకం పద్దు విడిగా రాసుకోండి.

ఈ మండలంలో నీళ్ళు ఊరూరికీ మారతాయి. కాల్వబుగ్గ రామేశ్వరుడి గుడి దగ్గర ఊట ఏడాది పొడవునా పారుతుంది. అక్కడికి కొద్ది దూరంలోనే ఎండిపోయిన బోర్లు ఉన్న చేలు చూడొచ్చు. కాబట్టి ‘ఓర్వకల్లులో నీళ్ళున్నాయా?’ అన్నది పనికిరాని ప్రశ్న. ఈ వీధిలో, ఈ స్థలంలో ఉన్నాయా అని అడగాలి.

కర్నూలు నగరానికి నీళ్ళొచ్చేది ముఖ్యంగా తుంగభద్ర మీది సుంకేసుల నుంచి. ఆ కుళాయి నగరపాలక సంస్థ హద్దు దగ్గర ఆగిపోతుంది. హద్దు దాటి ఒక్క అడుగు అవతల కొన్నా మీరు పంచాయతీ నీళ్ళమీదో బోరుమీదో ట్యాంకరుమీదో బతకాలి. ముచ్చుమర్రి నుంచి పైపులైను వస్తోందంటారు. అది పారిశ్రామిక వాడ కోసం తలపెట్టిన పథకం. ఫ్యాక్టరీకి వేసే పైపు మన వంటింటి కుళాయి కాదు.

స్థలం చూడటానికి ఎండాకాలం నడిమధ్యలో వెళ్ళండి. డిసెంబరులో వెళితే అన్ని ఊళ్ళూ బాగుంటాయి. బ్రోకరు లేకుండా వెళ్ళండి. ఇళ్ళ ముందు నీలం డ్రమ్ములు ఎన్ని పేర్చి ఉన్నాయో చూడండి. డ్రమ్ములు ఎక్కువగా ఉన్న వీధిలో కుళాయి ఎలా వస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ట్యాంకరు డ్రైవరును ఆపి ఈ వైపు రోజుకు ఎన్ని ట్రిప్పులు వేస్తావని అడగండి. అతనికి తెలిసినంత భూగర్భజల శాస్త్రం ఏ ఆఫీసులోనూ దొరకదు. ఆ తర్వాత బిందెలతో నిలబడ్డ ఆడవాళ్ళను అడగండి. మాట ఇలా సాగుతుంది.

“అక్కా, ఈడ కొళాయి దినామొస్తాదా?”

“దినామా? నాలుగు దినాలకొకతూరి ఇడుస్తారు. ఎండకాలమైతే అదీ నమ్మకం లేదు.”

“మరి బోర్లు?”

“మా బావ ఏసినాడు రెండు. ఒగదాంట్లో దుమ్ము, ఒగదాంట్లో ఉప్పునీళ్ళు. నువ్వేమన్నా స్థలం తీసుకునేకి వచ్చినావా ఏమి? ఆ గుట్ట అవతల సూడుపో.”

ఆ చివరి వాక్యం కోసమే ఇంత దూరం రావాలి. గుట్ట అవతల ఎందుకు బాగుందో కూడా ఆమే చెబుతుంది. నీళ్ళు పడిన బోరు దొరికితే ఒక సీసాడు పట్టుకెళ్ళి ఫ్లోరైడు, లవణాలు పరీక్ష చేయించండి. లక్షలు పెట్టేముందు ఆ పరీక్ష ఖర్చు ఒక లెక్కలోది కాదు.

నీళ్ళు లేకపోవడం ఒక్కటే భయమనుకుంటే కర్నూలు చరిత్ర ఇంకోటి నేర్పుతుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీని ముంచేశాయి. 19 లక్షల క్యూసెక్కులకు కట్టిన శ్రీశైలం ప్రాజెక్టుకు 25 లక్షలకు పైగా వరద వచ్చింది. ఎండిన సీమలో ఇళ్ళమీదికి నీళ్ళొస్తాయని అంతకుముందు ఎవరూ కలలో కూడా అనుకోలేదు. నదుల పక్కన, కేసీ కాలువ పక్కన ఇల్లు చౌకగా దొరికితే ఆ ఏడాది నీళ్ళు ఏ కిటికీ దాకా వచ్చాయో ఇరుగు పొరుగును అడగండి, చేత్తో చూపిస్తారు. ఓర్వకల్లు మెట్ట ప్రాంతం, అక్కడికి తుంగభద్ర రాదు. అయితే వెంచరు కోసం చదును చేసినప్పుడు పూడ్చేసిన వంకలుంటాయి. వాన పెద్దదైనప్పుడు వంక తన పాత దారినే వెతుక్కుంటుంది. గ్రామ పటం తీయించి మీ సర్వే నంబరు మీదుగా గానీ పక్కగా గానీ వంక గీత, కుంట గుర్తు ఉన్నాయేమో చూడండి.

నేల గురించి ఒక ముక్క చెప్పి ముందుకు పోదాం. రాతినేలలో తవ్వకం ఖరీదు, పునాది నిశ్చింత. నల్లరేగడిలో తవ్వకం సులువు, పునాది తలనొప్పి. తడిస్తే ఉబ్బి, ఎండితే కుంచించుకుపోయే ఆ మట్టిలో మామూలు పునాది వేస్తే గోడలు చీలతాయి. పక్కింటి గోడల మూలలు చూసి రండి.

కాగితాల్లో ఉండే గుంతలు

ఈసీ తీయాలి, లింకు డాక్యుమెంట్లు చూడాలి అని అందరికీ తెలుసు. ముప్ఫై ఏళ్ళ ఈసీ, మీభూమిలో అడంగల్, 1బీ, లేఅవుటుకు కర్నూలు పట్టణాభివృద్ధి సంస్థ (కుడా) అనుమతి, పెద్ద వెంచరైతే రెరా నంబరు. అయిదు వందల చదరపు మీటర్లు దాటినా ఎనిమిది యూనిట్లు దాటినా రెరా తప్పనిసరి. వీటిని దాటవేసి ‘రిజిస్ట్రేషన్ నేను చూసుకుంటా’ అనేవాడితో మాట్లాడటం అక్కడితో ఆపేయండి.

సీమలో అసలు గుంత డీకేటీ. భూమిలేని పేదలకు ప్రభుత్వం ఇచ్చిన పట్టా భూములివి. 1977 చట్టం ప్రకారం వీటిని అమ్మడం, కొనడం చెల్లవు. పట్టణాలు పెరిగే వైపు ఇలాంటి భూములు ఎక్కువగానే ఉంటాయి. ఇరవై ఏళ్ళు దాటినవాటికి పూర్తి హక్కు ఇస్తూ 2023లో చట్టం సవరించారు. మరుసటి ఏడాది ప్రభుత్వం మారాక అలా ఫ్రీహోల్డు అయిన భూముల రిజిస్ట్రేషన్లు ఆపి విచారణ మొదలుపెట్టారు. అంటే ఒక చట్టాన్ని నమ్మి కొన్నవాళ్ళు ఇంకో ఉత్తర్వు దగ్గర ఇరుక్కున్నారు. ‘ఇది ఫ్రీహోల్డు అయిపోయింది సార్’ అన్న మాట వినగానే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్ళి ఆ సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో ఉందో లేదో మీరే చూడండి. మొత్తం సర్వే నంబరు కాక అందులో ఒక భాగమే జాబితాలో ఉండొచ్చు. అప్పుడు మీ ప్లాటు ఏ భాగంలో పడిందో సర్వేయరుతో కొలిపించాలి. ఈనాం, వక్ఫ్, దేవాదాయ భూములకూ ఇదే జాగ్రత్త.

ఓర్వకల్లుకు ప్రత్యేకమైన గుంత ఇంకొకటి ఉంది. పారిశ్రామిక వాడ పక్కన కొంటున్నానని మురిసిపోతూ వాడ లోపలే కొన్నవాడవుతారు. గుట్టపాడు, మీదివేముల, పూడిచెర్ల వైపు కొనేటప్పుడు భూసేకరణ కింద ఏ సర్వే నంబర్లు పోయాయో, ఏవి పోబోతున్నాయో తహశీల్దారు ఆఫీసులో అడగకుండా బయానా ఇవ్వకండి. పరిహారం వస్తుంది, నిజమే. ఇల్లు రాదు.

రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి. స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, ఫీజు కలిపి ఏడున్నర శాతం. ముప్ఫై లక్షల ఇంటికి రెండు లక్షల పాతిక వేలు.

ఆర్చి ఉన్న చోటా, అరుగు ఉన్న చోటా

ఇక్కడ నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. రోడ్డు పక్కన పెద్ద ఆర్చి, రెండు వరసల తాటిచెట్టు లాంటి మొక్కలు, లోపల తారురోడ్లు, ప్లాటు నంబర్ల రాళ్ళు, ఒక్క ఇల్లు కూడా లేని వెంచరు. దాని పక్కనే పాత ఊరి అంచు, అక్కడ పది ఇళ్ళు, ఒక కిరాణా కొట్టు, అరుగు మీద ముసలాయన. రెండూ ఒకే ధరకు దొరికితే నేను ఊరి అంచే తీసుకోమంటాను. ఆర్చి ఇరవై ఏళ్ళకైనా అలాగే ఒంటరిగా ఉండొచ్చు. ఖాళీ వెంచర్లో ఇల్లు కట్టిన మొదటివాడు వీధిదీపం కోసం, చెత్తబండి కోసం, రాత్రి తోడుకోసం ఒక్కడే పోరాడాలి.

ఓర్వకల్లుకు ఈ విషయంలో ఒక గొప్ప ఉంది, బ్రోచర్లలో ఎవరూ వేయరు. 1990ల మధ్యలో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం సాయంతో ఇక్కడ పొదుపు సంఘాలు బలపడ్డాయి. మండలం పొడవునా ఆడవాళ్ళు ఐక్య సంఘంగా కలిశారు. ఓర్వకల్లులో బాలభారతి పేరుతో బడిని ఆ సంఘమే నడుపుతోంది. నలుగురు కూర్చుని లెక్క రాసుకుని, అప్పు తీర్చుకుని, ఆఫీసుకు కలిసి వెళ్ళడం అలవాటైన ఊళ్ళో కుళాయి పాడైతే బాగవుతుంది. ఏ ఊళ్ళో కొనబోతున్నారో అక్కడ సంఘం నెలనెలా కూర్చుంటుందా అని కనుక్కోండి. విమానాశ్రయానికి ఎన్ని నిమిషాల్లో చేరతామన్న లెక్క కంటే ఇది ఎక్కువ ఉపయోగం.

రాత్రి ఎనిమిదింటికి ఒకసారి వెళ్ళండి. కర్నూలుకు ఆఖరు బస్సు ఎప్పుడో అడగండి. గుండెనొప్పి వస్తే కర్నూలు సర్వజన వైద్యశాలకు ఎంతసేపట్లో చేరతారో ఆ వేళలోనే బండి మీద వెళ్ళి గడియారం చూడండి. ఉద్యోగం కర్నూలులో, ఇల్లు ఓర్వకల్లులో అయితే రోజుకు యాభై కిలోమీటర్లు. నెలకు పాతిక రోజులు, బండి లీటరుకు యాభై ఇచ్చినా పాతిక లీటర్లు. లీటరు నూటపది లెక్కన నెలకు రెండు వేల ఏడు వందల యాభై. భార్యాభర్తలిద్దరూ వేర్వేరు వేళల్లో వెళితే అయిదున్నర వేలు. కారైతే టోలు అదనం. ప్లాటు చౌకగా దొరికిందన్న సంతోషం లోంచి ఏడాదికో ముప్ఫై, అరవై వేలు ఇలా తీసేయండి.

అందుకని మనిషిని బట్టి చోటు. బతుకుతెరువు కర్నూలులో ఉన్నవాళ్ళు నంద్యాల చెక్‌పోస్టు నుంచి జగన్నాథగట్టు లోపు చూసుకోవాలి. గజం ధర ఎక్కువైతే స్థలం తగ్గించుకోండి, దూరం పెంచుకోకండి. యూనివర్సిటీలోనో ట్రిపుల్ఐటీలోనో పని ఉన్నవాళ్ళకు ఆ నడుమ ఊళ్ళు బాగుంటాయి. ఓర్వకల్లు పరిశ్రమల్లో ఇప్పటికే జీతం తీసుకుంటున్నవాళ్ళు ఓర్వకల్లులోనే కొనొచ్చు, పాత ఊరికి ఆనుకుని. ఫ్యాక్టరీ వస్తే ఉద్యోగం వస్తుంది, అప్పుడు ఇల్లు ఉంటే మంచిది కదా అనేవాళ్ళు మాత్రం ముందు ఒక ఏడాది అక్కడ అద్దెకుండాలి. ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిస్తే ఈ అధ్యాయంలో నేను రాయనివి కూడా మీకు తెలుస్తాయి.

ఇక బయానా. ‘ఈ సోమవారం దాటితే రేటు మారుతుంది’ అంటారు, ప్రతి సోమవారమూ అంటారు. ఇచ్చేదేదో బ్యాంకు ద్వారా ఇవ్వండి, రశీదు మీద సర్వే నంబరు, విస్తీర్ణం, హద్దులు రాయించండి. స్థలం 22-ఏలో ఉన్నా, భూసేకరణలో ఉన్నా, అనుమతి లేని లేఅవుటు అని తేలినా బయానా మొత్తం ఫలానా తేదీలోపు తిరిగి ఇస్తానని అగ్రిమెంటులో ఒక వాక్యం పెట్టమనండి. అమ్మేవాడి భూమి సరైనదైతే ఆ వాక్యం రాయడానికి అతనికి అయిదు నిమిషాలు పట్టదు. రాయనంటే మీ మూడు గళ్ళ కాగితం మడిచి జేబులో పెట్టుకుని తర్వాతి స్థలం చూడటానికి బయల్దేరండి.